ఒకే ప్రశ్నతో నాలుగు గ్రంథాలు

అన్ని మతాలూ చెప్పేది ఒకటేనని మనం తరచూ అంటూ ఉంటాం. అలా అనేవాళ్లలో పక్క మతం గ్రంథం తెరిచి పది పేజీలు చదివినవాళ్లు మాత్రం తక్కువ. చదవకుండా అన్న ఆ మాట మర్యాదకు పనికొస్తుంది, కోపం వచ్చిన రోజున నిలబడదు. బొంబాయి దగ్గరి మరమగ్గాల ఊరు భివండీ వాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. 1970 మే నెలలో ఒకసారి, 1984 మే నెలలో ఇంకోసారి ఆ ఊళ్లో మతకలహాలు చెలరేగాయి. నిన్నటిదాకా పక్కపక్క సాంచాలు (మరమగ్గాలు) నడిపినవాళ్లే ఒకరి గల్లీలోకి ఒకరు అడుగుపెట్టడానికి భయపడ్డారు.

అదే భివండీ 1992 డిసెంబర్లో, 1993 జనవరిలో, కూతవేటు దూరంలో బొంబాయి మండుతుంటే ప్రశాంతంగా ఉంది. 1988లో పోలీసు డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే పేటపేటకీ మొహల్లా కమిటీలు పెట్టి రెండు మతాల వాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టడం దీనికి ముఖ్య కారణమని ఆ కాలం గురించి రాసినవాళ్లు చాలామంది ఒప్పుకున్నారు. దేవుడు ఒక్కడా, పలువురా అని తేల్చడానికి ఆ కమిటీలు పెట్టలేదు. గల్లీలో పుట్టే చిన్న తగాదాలు, పుకార్లు ముదరకముందే మాట్లాడుకోవడానికి పెట్టారు. వేర్వేరు మతాల్లోని జ్ఞానాన్ని కలిపి చదవాలనుకునే మనిషి కూడా ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. బతుకులో రోజూ ఎదురయ్యే ఒక ప్రశ్న పట్టుకోండి. దానితోనే నాలుగు గ్రంథాల తలుపు తట్టండి.

భివండీలో ధామన్కర్ నాకా దగ్గర ఉండే తెలుగువాళ్లకు ఈ పని మిగతావాళ్లకంటే సులువు. పద్మనగర్, కామత్‌ఘర్ పేటల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల క్రితం వచ్చి స్థిరపడ్డ పద్మశాలీలు ఉన్నారు. అదే ఊళ్లో ఉత్తరప్రదేశ్ నుంచి, మౌ, ఆజంగఢ్ లాంటి నేత ఊళ్ల నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్లు, అన్సారీలు ఉన్నారు. ఇద్దరిదీ నేతే. పద్మశాలీలు మార్కండేయుణ్ని మూలపురుషుడిగా చెప్పుకుంటారు. ఆయన కొడుకు భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు బట్ట నేశాడంటారు. ఆదం ప్రవక్తకు జిబ్రయీల్ దూత నేత నేర్పాడని అన్సారీ నేతగాళ్లలో ఒక కథ ఉంది. రెండు కథలూ చెప్పేది ఈ పని పైనుంచి వచ్చిందనే. నేతపనిని లోకం చిన్నచూపు చూసిన రోజుల్లో రెండు కులాల పెద్దలూ పిల్లలకు ఈ కథలు చెప్పుకొని తలెత్తుకు తిరిగారు. శ్రావణ పౌర్ణమికి జంధ్యం మార్చుకునే ఇంట్లో, రంజాన్ ఉపవాసం విడిచే ఇంట్లో, ఒకే రకం గర్వం ఉంది. దాని గురించి ఒకరినొకరు ఎప్పుడూ అడిగి ఉండరు. మీ చదువు ఈ అడగడంతోనే మొదలుకావచ్చు.

ఇక ప్రశ్న సంగతి. ఈ ఊళ్లో నేనైతే కూలి ప్రశ్న ఎంచుకుంటాను.

మీటరు లెక్కన పనిచేసేవాడికి ఈ ప్రశ్న ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుసు. పగార్ రోజున చిట్టా తెరుస్తారు. నేసిన బట్ట చుట్టను, అంటే తాకాను, విప్పి బల్లమీద పరుస్తారు. ఎక్కడో పోగు తెగి అతుకు సరిగా పడని చోట వేలు పెట్టి చూపిస్తారు. దానికి కొంత కోత. మీటర్లు రాసిన అంకెకూ, నేసినవాడు మనసులో పెట్టుకున్న అంకెకూ తేడా వస్తే ఎవరి అంకె నిలుస్తుందో అందరికీ తెలిసిందే. ఎదురుగా కూర్చున్న ఆసామికీ, అంటే సాంచాల యజమానికీ, బాధలున్నాయి. నూలు అప్పు మీద తెచ్చాడు, బట్ట కొన్న వ్యాపారి డబ్బు ఇంకా ఇవ్వలేదు. ఈ బల్లకు ఇటున్నా, అటున్నా మీకు ఈ చదువు పనికొస్తుంది.

మొదట మన ఇంట్లో ఉన్న గ్రంథం. భారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజు దగ్గరికి వస్తాడు. పూజల గురించి, యాగాల గురించి అడుగుతాడనుకుంటాం. ఆయన వరసపెట్టి పాలన గురించి అడుగుతాడు. వాటిలో ఒక ప్రశ్న, సైన్యానికి ఇవ్వాల్సిన తిండీ జీతమూ సమయానికి, ఆలస్యం చేయకుండా ఇస్తున్నావా అని. దేవముని నోట జీతం తేదీ మాట రావడం నాకు ఎప్పుడు చదివినా ఒళ్లు జలదరింపజేస్తుంది. దాని పక్కనే గీత మూడో అధ్యాయం 12, 13 శ్లోకాలు పెట్టుకోండి. దేవతలు ఇచ్చిన భోగాల్లో వాళ్ల వాటా తిరిగి అర్పించకుండా తానే అనుభవించేవాణ్ని కృష్ణుడు దొంగ అంటాడు.

రెండోది బైబిలు. పాత నిబంధనలో ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం, 14, 15 వచనాలు తీయండి. కూలివాడు పేదవాడు, ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకొని ఉంటాడు, కాబట్టి ఆనాటి కూలి పొద్దుగుంకకముందే ఇచ్చేయాలని అక్కడ ఆజ్ఞ. ఆ కూలివాడు సొంతవాడైనా సరే, వేరే చోటు నుంచి వచ్చి మీ ఊళ్లో ఉంటున్నవాడైనా సరే అని కూడా ఉంది. భివండీలో కూర్చొని ఈ మాట చదివితే ఎదురుగా ఎవరి ముఖాలు కనిపిస్తాయో వేరే చెప్పాలా? కొత్త నిబంధనలో యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఇంకా తీవ్రంగా ఉంటుంది. బిగబట్టిన కూలి మొరపెడుతుందనీ, ఆ మొర దేవుడి చెవిన పడిందనీ ధనవంతుల్ని హెచ్చరిస్తుంది.

మూడోది ఖురాన్. 83వ సూరా, ముతఫ్ఫిఫీన్, కొలతల్లో మోసం చేసేవాళ్లను నిలదీస్తూ మొదలవుతుంది. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్లకు నాశనం తప్పదంటుంది. బల్లమీద తాకా కొలిచే చోట ఈ సూరాను మించిన పాఠం నాకు తెలియదు. హదీసుల్లో చెమట ఆరకముందే కూలివాడి కూలి ఇవ్వమన్న మాట ఇబ్న్ మాజా సంకలనంలో ఉంది. బుఖారీ సంకలనంలో మరొకటి ఉంది. మీ కింద పనిచేసేవాళ్లు మీ సోదరులు, మీరు తినేదే వాళ్లకూ పెట్టండి, శక్తికి మించిన పని చెప్పకండి, చెప్పక తప్పకపోతే మీరూ ఒక చెయ్యి వేయండి అని దాని భావం. ఖురాన్‌ను తెలుగులోకి మొదట తెచ్చింది చిలుకూరి నారాయణరావు గారు. ఇస్లాంలో పుట్టినవారు కారు, ఆ గ్రంథం తెలుగువాళ్లు చదవాలనుకున్న పండితుడు. మీరు ఈ పుస్తకం చేతికి తీసుకునేటప్పుడు ఆయన వేసిన దారిలోనే నడుస్తున్నారు.

నాలుగోది బుద్ధుడి మాట. దీఘనికాయంలో 31వది సిగాలోవాద సుత్త. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. రాజగృహంలో సిగాలుడనే గృహస్థుడు తెల్లవారుజామునే స్నానం చేసి, తడిబట్టలతో, తడిజుట్టుతో నిలబడి తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, కింద, పైన, ఇలా ఆరు దిక్కులకూ మొక్కుతున్నాడు. తండ్రి పోతూ పోతూ చెప్పిన మాట, నిలబెట్టుకుంటున్నాడు. బుద్ధుడు ఆ దారినే భిక్షకు వెళ్తూ చూశాడు. మొక్కాల్సింది ఇలా కాదన్నాడు. దిక్కులంటే ఎవరో చెప్పాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం స్నేహితులు, పై దిక్కు శ్రమణులు, బ్రాహ్మణులు. కింది దిక్కు పనివాళ్లు. ఆ దిక్కుకు యజమాని ఎలా మొక్కాలంటే, శక్తికి తగిన పని ఇవ్వాలి, తిండీ కూలీ ఇవ్వాలి, జబ్బుపడితే చూసుకోవాలి, ఇంట్లో మంచి వంట చేస్తే పంచాలి, సమయానికి సెలవు ఇవ్వాలి. పనివాళ్లకూ విధులు చెప్పాడు. ఇవ్వనిది తీసుకోకూడదు, పని శ్రద్ధగా చేయాలి, యజమాని పేరు నిలపాలి. బల్లకు ఇటున్నవాడికీ అటున్నవాడికీ ఒకే చోట చెప్పడం ఈ సూత్రంలో గొప్పతనం.

ఇప్పుడు ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆత్మ ఉందా లేదా అన్నచోట బుద్ధుడికీ గీతకూ పొత్తు కుదరదు. యేసు ఎవరన్నచోట బైబిలుకూ ఖురాన్‌కూ కుదరదు. కూలి దగ్గరికి వచ్చేసరికి నలుగురూ ఒకే మనిషి పక్షాన నిలబడ్డారు. బుఖారీ హదీసులోని శక్తికి మించిన పని, సిగాలుడికి చెప్పిన శక్తికి తగిన పని, దాదాపు ఒకే మాట. వెయ్యేళ్లకు పైగా కాలం, వేల మైళ్ల దూరం మధ్యలో ఉన్నా ఆ మాట ఒకటే అయింది. ఎక్కడ మనిషి చెమట ఉంటుందో అక్కడ గ్రంథాలు దగ్గరికొస్తాయని నాకు అనిపిస్తుంది. నామదేవ్ దర్జీ కులంలో పుట్టాడు, కబీరు నేతగాడు, రవిదాస్ చెప్పులు కుట్టాడు. 1604లో గురు అర్జన్ ఆదిగ్రంథం కూర్చినప్పుడు ఈ ముగ్గురి వాక్కులనూ, సూఫీ షేక్ ఫరీద్ వాక్కులనూ గురువుల వాక్కులతో కలిపి ఒకే గ్రంథంలో చేర్చాడు. వేర్వేరు మతాల్లో పుట్టిన భక్తుల్ని ఒకచోట చదువుకోవాలన్న ఆలోచన ఇవాళ్టిది కాదు, నాలుగు వందల ఏళ్ల నాటిది.

చదివే పద్ధతి గురించి కూడా సంప్రదాయాలు దగ్గరగానే ఉన్నాయి. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి వినాలి, తలపోయాలి, ధ్యానించాలి అని వరస చెప్పాడు. పన్నెండో శతాబ్దంలో రెండో గ్విగో అనే క్రైస్తవ సన్యాసి చదువు, తలపోత, ప్రార్థన, మౌనంగా దేవుడి సన్నిధిలో ఉండడం అని నాలుగు మెట్లు రాశాడు. ఖురాన్ తనను పైపైన చదివి వదిలేయవద్దని, లోతుగా ఆలోచించమని 47వ సూరాలో గుచ్చి అడుగుతుంది. కాబట్టి ఎక్కువ చదవకండి. ఒక పూటకు ఒక వచనం, మహా అయితే రెండు. ఊరగాయ ముక్కకు ఉప్పు పట్టినట్టు ఆ మాట మనసుకు పట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులు దానికి ఇవ్వండి.

పన్నెండు గంటల పాలీ (షిఫ్టు) చేసి వచ్చినవాడికి ధ్యానం ఎక్కడ కుదురుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పాలీ అయ్యాక గదికి వచ్చినా సాంచాల హోరు చాలాసేపు చెవుల్లోనే ఉంటుంది. దాన్ని తోలేయాలని చూడకండి, పోదు. ముఖం కాళ్లు కడుక్కొని, భిస్సీకి (భోజనశాలకు) వెళ్లేముందు కడుపు తేలిగ్గా ఉన్నప్పుడే, గోడకు ఆనుకొని కూర్చోండి. ఆ హోరును కాసేపు వినండి. తర్వాత ముక్కు కొస దగ్గర ఊపిరి వస్తూ పోతూ తగిలే చోట మనసు పెట్టండి. మనసు పగార్ దగ్గరికో, ఊళ్లో కట్టాల్సిన ఇంటి దగ్గరికో పరుగెత్తుతుంది. కోప్పడకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి తీసుకురండి. కాస్త నెమ్మదించాక ఆ వారం చదివిన మాటను గుర్తు చేసుకోండి. ఆసామి అయితే మీరు బాకీ ఉన్న ఒక మనిషి ముఖాన్ని, పనివాడైతే మీ లెక్కలో మీరు నిజాయితీగా లేని ఒక చోటును కళ్లముందు నిలపండి. వాదించకండి, సాకులు చెప్పుకోకండి. చూస్తూ ఉండండి. లేచేముందు ఈ వారంలో చేయగల ఒక పని తేల్చుకోండి. ఆగిపోయిన కూలి కొంతైనా ఇవ్వడం, తప్పు రాసిన మీటర్లు సరిచేయడం, జబ్బుపడ్డ తోటి పనివాడి గదికి వెళ్లి చూసి రావడం. పని తేలకుండా లేచిన రోజు ధ్యానం సగమే అయిందనుకోండి. ఒక్క హెచ్చరిక. నడుస్తున్న సాంచా పక్కన కళ్లు మూసుకొని ఇలాంటి ప్రయత్నం ఎప్పుడూ చేయకండి. అక్కడ కళ్లు నాడె మీద, పోగు మీద ఉండాల్సిందే.

ఇందుకోసం మీ ఆచారం మార్చుకోనక్కర్లేదు. నమాజు అయ్యాక అదే జానమాజు మీద ఇంకాసేపు కూర్చోవచ్చు. దీపం పెట్టినచోటే కూర్చోవచ్చు. 108 పూసల జపమాల తిప్పేవాళ్లు, తస్బీహ్ తిప్పేవాళ్లు, రోజరీ పట్టుకునేవాళ్లు ఊపిరి బదులు ఆ పూసల మీదే మనసు నిలుపుకోవచ్చు. పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే ఇగత్‌పురి దూరం కాదు, కళ్యాణ్‌లో నాసిక్ వైపు వెళ్లే రైలెక్కితే చాలు. బర్మాలో ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకొని 1969లో భారతదేశానికి వచ్చిన ఎస్.ఎన్. గోయెంకా 1976లో అక్కడ ధమ్మగిరి అనే విపశ్యన ధ్యాన కేంద్రం స్థాపించారు. పది రోజుల శిబిరానికి రుసుము లేదు, మౌనం తప్పనిసరి. ఆ పది రోజులూ సొంత పూజ, జపం, ప్రార్థన పక్కన పెట్టమంటారు. అది మనసుకు ఒప్పకపోతే బలవంతాన వెళ్లకండి, ఇంట్లో కూర్చున్నా పని జరుగుతుంది. భివండీలో సాంచాలకు శుక్రవారం సెలవు. జుమా నమాజు వేళ దాటాక ఆ రోజు ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చోవడానికి వీలు. ఎప్పుడైనా బయటికి వెళ్లాలనిపిస్తే తాలూకాలోనే లోనాడ్ దగ్గర పాత బౌద్ధ గుహ ఉంది, గణేశ్‌పురిలో 1961లో సమాధి అయిన నిత్యానంద స్వామి స్థలం ఉంది.

కలిసి చదవడం గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి. ఖురాన్ గురించి ఖురాన్ నమ్మినవాణ్ని అడగండి, గీత గురించి గీత పారాయణ చేసేవాణ్ని అడగండి. పక్క మతం మీద దాని విరోధులు రాసిన పుస్తకంతో ఎప్పుడూ మొదలుపెట్టకండి. అడిగేటప్పుడు తప్పు పట్టుకోవడానికి అడగకండి. "భాయ్, కూలి గురించి మీ కితాబులో ఏముంది, చదివి వినిపిస్తావా" అని అడిగి చూడండి, చాయ్ చల్లారినా మాటలు ఆగవు. ఎవరినీ మీ వైపు తిప్పుకోవాలని చూడకండి. ఆ ఉద్దేశం మాటల్లో దాచినా అవతలివాడికి తెలిసిపోతుంది.

ఈ దారిలో మనకు దగ్గరి మార్గదర్శి వినోబా భావే. మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో పుట్టాడు. 1932లో ధూళే జైల్లో ఉన్నప్పుడు తోటి ఖైదీలకు ఆదివారం ఆదివారం గీత మీద ప్రసంగించాడు, సానే గురూజీ వాటిని రాసి పెట్టాడు. ఆయనే అరబ్బీ నేర్చుకొని ఖురాన్‌ను మూలంలో చదివాడు, దాని సారాన్ని సంకలనం చేశాడు, క్రైస్తవ గ్రంథానికీ ధమ్మపదానికీ అలాగే చేశాడు. 1951 ఏప్రిల్ 18న ఆయన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో ఉన్నాడు. మన నేత ఊరే. అక్కడి దళితులు భూమి కావాలని అడిగితే, ఇవ్వగలవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఊరిని అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డాడు. భూదానం అలా మొదలైంది. భూదానం మీద తర్వాత వచ్చిన విమర్శల్లో నిజముంది, పంచని భూమి చాలా మిగిలిపోయింది. అయినా నాలుగు మతాల గ్రంథాలు చదివి ధ్యానించిన మనిషి నోట ఆ రోజు వచ్చింది తత్వం కాదు, ఈ మనుషులకు భూమి ఎవరిస్తారన్న ప్రశ్న. చదువు సరిగా పడిందో లేదో నేను దీన్నిబట్టే చూస్తాను.

గ్రంథాలు ఒకదానికొకటి తెలిసి మాట్లాడుకునే చోట్లు కూడా ఉన్నాయి. ఒక ప్రాణం కాపాడినవాడు మానవజాతినంతా కాపాడినట్టేనన్న భావం ఖురాన్ ఐదో సూరా 32వ ఆయతులో ఉంది. ఇది ఇశ్రాయేలు సంతతికి విధించినదని ఆ ఆయతే చెబుతుంది. అదే భావం యూదుల మిష్నాలో సన్‌హెడ్రిన్ భాగంలో కనిపిస్తుంది. 2020 సెప్టెంబర్ 21 తెల్లవారుజామున ధామన్కర్ నాకా దగ్గరి పటేల్ కంపౌండ్‌లో జిలానీ భవనం కూలి నలభై మంది దాకా చనిపోయినప్పుడు, సహాయ దళాలు రాకముందే చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తి వెళ్లి శిథిలాల కింది మనుషుల్ని లాగారు. ఆ ఆయతు చదివిన రోజు వాళ్లను తలుచుకోండి.

నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. కలిసిన చోట్లు ఎంత శ్రద్ధగా రాస్తారో కలవని చోట్లూ అంతే శ్రద్ధగా రాయండి. పునర్జన్మ ఒక గ్రంథంలో ఉంది, ఇంకోదాంట్లో లేదు. దాన్ని అతికించడానికి ప్రయత్నించకండి. ఆ తేడాను గౌరవించినప్పుడే అవతలివాడు మిమ్మల్ని నమ్మి తన పుస్తకం మీ చేతికిస్తాడు.

కూలి ప్రశ్న ఒక నెల నడిచాక వడ్డీ ప్రశ్నకు వెళ్లండి. నూలు అప్పు మీద నడిచే ఊళ్లో ఇది ఇంకా కష్టమైన చదువు, గ్రంథాలు కూడా ఇక్కడ పూర్తిగా ఒకే దారిన పోవు. లేవీయకాండం 25వ అధ్యాయం చితికిపోయిన సోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దంటుంది. ఖురాన్ రెండో సూరా 275 నుంచి 280 దాకా వడ్డీని నిషేధిస్తుంది, ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు వెసులుబాటు వచ్చేదాకా గడువివ్వమంటుంది, వదిలేస్తే మరీ మంచిదంటుంది. మన ధర్మశాస్త్రాలు వడ్డీని ఒప్పుకొని హద్దులు పెట్టాయి, పుట్టుకతోనే మనిషి దేవతలకు, రుషులకు, పితరులకు రుణపడి ఉంటాడన్నాయి. అంగుత్తర నికాయంలో బుద్ధుడు అనాథపిండికుడనే వర్తకుడికి గృహస్థు సుఖాలు నాలుగు చెబుతూ, అప్పు లేకపోవడాన్ని అందులో ఒకటిగా లెక్కపెట్టాడు. ఇవి తెరిచే ముందు నోట్‌బుక్ మొదటి పేజీలో మీరు ఇచ్చిన అప్పులు ఒక పక్క, తెచ్చిన అప్పులు ఒక పక్క, వడ్డీ రేటుతో సహా రాయండి. శుక్రవారం కూర్చునేటప్పుడు ఆ పేజీని కూడా పుస్తకాల పక్కనే పెట్టుకోండి.